వాన సీనుకిచ్చిన నీళ్లు

ఏప్రిల్ 9, మంగళవారం

బోరు పోయింది.

పొద్దున ఆరింటికి మోటారు చూసుకునే రాములు వచ్చి తలుపు కొట్టాడు. "అక్కా, మోటరు తిరుగుతలేదు. కాలిన వాసనొస్తుంది." చెప్పులు కూడా వేసుకోకుండా పంపు రూముకి వెళ్లాను. మెకానిక్ వచ్చి పైపులన్నీ పైకి లాగించేసరికి మధ్యాహ్నం అయింది. మోటారు నిండా బురద. లోపల మాడి నల్లగా ఉంది. కొత్తది వేద్దామా అంటే, తాడుకి రాయి కట్టి బోరులోకి వదిలి, పైకి లాగి చూపించాడు. రాయికి బురద అంటుకుంది తప్ప నీళ్లు లేవు. "దేంట్ల ఏస్తవమ్మా మోటరు" అని నన్నే అడిగాడు.

యాభై నాలుగు ఇళ్లు. ఈ బండ మీద ఇళ్లు వేసుకున్నప్పటి నుంచి మాకున్నది ఈ ఒక్క బోరే. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు నలభై నిమిషాలు వస్తాయి. అవీ కింద వరసకే. పై వరసకి ఎక్కవు.

ఇదంతా వెనక అపార్ట్‌మెంటు వాళ్ల పని. జనవరిలో వాళ్లు పద్నాలుగు వందల అడుగులు దించారు. మాది తొమ్మిది వందలు. మా కింద నుంచి మా నీళ్లే లాగేస్తున్నారు. అయిదంతస్తులు, ఇంటికి రెండు కార్లు, రోజూ కార్లు కడుగుతారు. తలుచుకుంటేనే ఒళ్లు మండిపోతోంది.

ఏప్రిల్ 10

ట్రాక్టరు ట్యాంకర్లు మొదలు. రోజుకి రెండు. ఒక్కోటి పద్దెనిమిది వందలు. రెండూ కలిపి పదివేల లీటర్లు. ఇంటికి ఒక డ్రమ్ము, అది కూడా అంచుదాకా కాదు.

కమిటీ డబ్బులు బ్యాంకులో నలభై ఒక్క వేలు ఉన్నాయి. పదకొండు రోజులు వస్తాయి. ఆ తర్వాత ఇంటింటికీ తిరిగి అడుక్కోవాలి. నెలకి మూడు వందలు ఇవ్వడానికే మూడుసార్లు తిప్పించుకునేవాళ్లు వీళ్లు. ఎవరికి కావాలి ఈ సెక్రెటరీ ఉద్యోగం. జీతమా, పాడా. జెరూషక్క అయితే నోరున్నది, ఎవరినైనా నిలదీస్తుంది అని తొమ్మిదేళ్ల కిందట నెత్తిన పెట్టారు. నోరుంటే నీళ్లు వస్తాయా.

ఏప్రిల్ 11

అపార్ట్‌మెంటుకి వెళ్లాను. వాళ్ల ప్రెసిడెంటు సూర్యప్రకాశరావు గారట, ఎక్కడో ఇంజినీరుగా చేసి రిటైరయ్యాడు. కూర్చోమన్నాడు. కూర్చోలేదు. మీ బోరు వల్ల మా బోరు ఎండింది, రేపు భూగర్భజలాల ఆఫీసులో కంప్లైంటు ఇస్తున్నాను, మీ బోరు మూయించేదాకా ఊరుకోను అని మొహం మీదే చెప్పాను.

ఆయన గొంతు పెంచలేదు. "మీ బోరు రోజుకి ఎన్ని గంటలు నడిచిందో ఏదైనా రికార్డు ఉందా అమ్మా?" అని అడిగాడు.

ఉండకేం. పొద్దున మూడు గంటలు, సాయంత్రం రెండు. మధ్యలో ఆపి ఊట ఊరనిస్తాం. ముప్పై ఏళ్లుగా అదే పద్ధతి. రాములు ప్రతిరోజూ పుస్తకంలో రాస్తాడు, వేసిన టైము, ఆపిన టైము. ఆ మాటే చెప్పి వచ్చేశాను.

"అయితే ఆ పుస్తకం ఒకసారి చూపించండి" అన్నాడు వెనక నుంచి. ఎంత పొగరు.

ఏప్రిల్ 12

రాములు పుస్తకంలో మార్చి ఆఖరి వారం పేజీ తడిసి ముద్దయిపోయింది. చింపేశాను. చదవడానికి రాని పేజీ ఉంచి ఏం లాభం.

కంప్లైంటు ఇచ్చాను. యాభై నాలుగు ఇళ్ల సంతకాలతో.

ఏప్రిల్ 14, ఆదివారం

చర్చి నుంచి వచ్చేసరికి ట్యాంకరు దగ్గర గొడవ. భూలక్ష్మి. పై వరసలో ఆఖరి ఇల్లు ఆమెది. ట్యాంకరు పైపు అంత దూరం అందదు, బిందెలతో ఎనభై మెట్లు ఎక్కాలి. కష్టమే, కాదనను. అయితే నోటికొచ్చింది అంటుందా?

"అపార్ట్‌మెంటోళ్లది కాదు తప్పు. గా సిన్మోళ్లకు నీళ్లిచ్చినప్పుడే బోరు సచ్చింది. ఎర్రనీళ్లు అప్పటిసంది రాలే?"

నా ఒంట్లో రక్తమంతా తలకెక్కింది. ఇచ్చింది నేనొక్కదాన్నా? మార్చిలో కింద ఖాళీ జాగాలో సెట్టు వేశారు. వాన ఫైటు, ఆరు రోజులు. లారీ ట్యాంకర్లు ఈ సందులోకి తిరగవు కాబట్టి మేనేజరు నవీన్ వచ్చి మన బోరు అడిగాడు. మీటింగు పెట్టి అందరినీ అడిగే ఒప్పుకున్నాం. రోజుకి మూడు గంటలు ఎక్కువ నడుపుతాం, పదివేలు ఇవ్వాలి అని. ఆ డబ్బుతోనే కదా పాత కరెంటు బిల్లు కట్టింది. అప్పుడు భూలక్ష్మి కూడా చెయ్యెత్తింది. ఇప్పుడు నన్ను అంటుంది.

అందరి ముందూ కడిగేశాను. ఏడ్చుకుంటూ పైకి వెళ్లింది. వెళ్లనీ.

మెర్లిన్‌ని నవీన్ కాస్ట్యూమ్స్‌లో అసిస్టెంటుగా తీసుకున్నాడంటే నా కూతురి పనితనం చూసి. దానికీ దీనికీ ఏ సంబంధం లేదు.

ఏప్రిల్ 16

ఆఫీసు నుంచి ఒకతను వచ్చి అపార్ట్‌మెంటు బోరు కాగితాలు చూసి వెళ్లాడట. అన్నీ సరిగ్గా ఉన్నాయన్నాడట. అమ్ముడుపోయాడు.

మా బోరు పోవడానికి కారణం ఆ అపార్ట్‌మెంటే.

ఏప్రిల్ 18

కాలనీలో కొత్త మాట పుట్టింది. రాములు తాగి పడుకున్నాడట, మోటారు ఆపడం మరిచిపోయాడట, అందుకే కాలిందట. ఎవరు పుట్టించారో తెలియదు. రాములు చుక్క ముట్టడు. పండక్కి కల్లు ఇస్తే కూడా వద్దంటాడు.

కింద వరసలో ఇద్దరు ముగ్గురు నా దగ్గరికొచ్చి ఏమైంది అక్కా అని అడిగారు. నేను అన్నది ఒక్కటే: మోటారు దగ్గర ఉండేది రాములు కదా. అంతకు మించి ఒక్క ముక్క అనలేదు. అది అబద్ధమా? మోటారు దగ్గర ఉండేది రాములే.

ఏప్రిల్ 19

రాములు వచ్చాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు. అరవై దాటాయి, ఇంకా ఈ ఇంట్లో కుర్చీలో కూర్చోడు. అది కూడా నాకు కోపమే.

"అక్కా, అందరు నన్నే అంటున్రు. ఆదివారం మీటింగు పెట్టి నన్ను తీసేస్తరంట. నువ్వు జర చెప్పరాదు."

"నేనేం చెప్పాలి రాములూ?"

"ఏం లేదక్క. గా దినం నువ్వు గాడనే ఉంటివి గద."

నేను గట్టిగా అరిచాను. ఏం అరిచానో గుర్తులేదు. నన్ను బెదిరిస్తున్నావా అన్నట్టున్నాను. ఆయన చేతులు జోడించి వెళ్లిపోయాడు. బెదిరించే మనిషి కాదని నాకు తెలియదా. తెలుసు. అందుకే ఇంకా ఒళ్లు మండింది.

పని పోతే పంపు రూము వెనక గది కూడా పోతుంది. ఆయన, కూతురు చిన్ని ఉండేది ఆ గదిలోనే. చిన్నికి వచ్చే నెల డిగ్రీ ఆఖరి పరీక్షలు.

ఏప్రిల్ 21, ఆదివారం

చెప్పాను. అందరి ముందూ నిలబడి, తప్పు నాది అని చెప్పాను. ఒక్కరూ నమ్మలేదు.

"అక్క మనసు గట్లాంటిది, అందరిది మీదేసుకుంటది" అన్నారు. చప్పట్లు కొట్టారు. రాముల్ని తీసేశారు. నెలాఖరుకి గది ఖాళీ చెయ్యాలి. నన్నే మళ్లీ సెక్రెటరీగా ఉండమన్నారు.

నేను ఇంకేం చెయ్యను? నా వంతు నేను చెప్పాను.

ఏప్రిల్ 22

నా వంతు నేను చెప్పాను.

ఏప్రిల్ 24

రాయాలని లేదు. ట్యాంకరు రెండు వేలు చేశాడు.

ఏప్రిల్ 26

మెర్లిన్ పొద్దున అడిగింది. "అమ్మా, ఆ రోజు రాములన్న నీ దగ్గరికి మూడు నాలుగుసార్లు వచ్చాడు కదా. ఏమన్నాడు?"

నీళ్లు ఎప్పటిదాకా అని అడిగాడన్నాను. అది నన్ను చూసి, బ్యాగు భుజాన వేసుకుని షూటింగుకి వెళ్లిపోయింది. ఇంకేమీ అడగలేదు. అడిగితే బాగుండేది, అరిచేదాన్ని.

ఇక ఈ డైరీకి కూడా అబద్ధం చెప్పడం నావల్ల కాదు. ఎవరు చదువుతారని.

మొన్న ఆదివారం నేనన్న మాట ఇది: "రాములు తప్పు చేస్తే నేను చేసినట్టే. సెక్రెటరీగా బాధ్యత నాది." ఇదే అన్నాను. అక్షరం పొల్లుపోకుండా ఇదే. అందులో రాములు తప్పు చేశాడనే ఉంది. నేనేం చేశానో లేదు. అలా అంటే చప్పట్లు కొడతారని నాకు తెలుసు. అన్నప్పుడే తెలుసు. రాములు వెనక వరసలో నిలబడి ఉన్నాడు. నా వైపు చూశాడు. నేను చప్పట్లు కొట్టేవాళ్ల వైపు చూశాను.

మార్చి 28 మధ్యాహ్నం. షూటింగుకి ఆఖరి రోజు. మెర్లిన్‌కి మొదటి రోజు.

నేను పంపు రూము గోడ దగ్గర, సెట్టు కనబడేచోట నిలబడ్డాను. పైన నల్లగుడ్డ కట్టారు, కింద వాన పైపులు. మెర్లిన్ గొడుగు కింద హీరో కోటు ఒకటి తడవకుండా గుండెకి హత్తుకుని నిలబడింది. ఎంత బాగుందో నా పిల్ల. రాములు పరిగెత్తుకొచ్చాడు.

"అక్కా, పైపు గాలి కొడుతుంది. బురదొస్తుంది. మోటరు సప్పుడు మారింది. బందు జేస్తా."

నేను పెదవి మీద వేలు పెట్టాను. షాట్ నడుస్తోంది.

ముప్పై ఒక్క ఏళ్లు సినిమాల్లో హెయిర్‌డ్రెస్సరుగా చేశాను. షాట్ మధ్యలో దగ్గిన పిల్లని మధ్యాహ్నం అన్నం కూడా పెట్టకుండా పంపేయడం చూశాను. లైటు అంటుకుని పొగ వస్తుంటే కూడా కట్ అనేదాకా కదలని లైట్‌మెన్‌ని చూశాను. కట్ అనేదాకా ఎవరూ ఏదీ ఆపరు. అది నా ఒంట్లోకి ఎక్కిపోయింది. కట్ అన్నాక ఆపుదాం అన్నాను. కట్ అన్నారు. వెంటనే వన్ మోర్ అన్నారు. రాములు మళ్లీ వచ్చాడు. మళ్లీ వేలు పెట్టాను. పదకొండు టేకులు. మధ్యలో ఒకసారి నవీన్ నన్ను చూసి బొటనవేలు ఎత్తి చూపించాడు. నేను నవ్వాను.

మూడు గంటలు ఎక్కువ అనుకున్నది ఆ ఒక్కరోజే తొమ్మిదిన్నర గంటలు ఎక్కువ నడిచింది. పొద్దున ఆరు నుంచి రాత్రి ఎనిమిదిన్నర దాకా, ఆపకుండా. ఊట ఊరడానికి ఒక్క గంట ఇవ్వలేదు. మర్నాటి నుంచే ఎర్రనీళ్లు. పన్నెండు రోజులు బురద మింగుతూ ఈడ్చి ఈడ్చి పోయింది.

షాట్ ఆపకూడదనే అలవాటు ఒక్కటే అయితే నన్ను నేను క్షమించుకునేదాన్ని. ఆపమంటే రేపట్నుంచి మీ అమ్మాయి రావద్దంటాడేమో అని కూడా అనుకున్నాను. అదీ రాస్తున్నాను.

ఆ పేజీ తడవలేదు. శుభ్రంగా ఉంది. రాములు పిల్లల కాపీ రాతలాంటి అక్షరాలతో రాశాడు. "28. పొద్దుగాల 6 నుండి రాత్రి 8-30. అక్క నడపమన్నది." దాన్ని స్టవ్ మీద పెట్టాను.

ఛీ.

మే 1

రాములు గది ఖాళీ చేశాడు. ఆటోలో రెండు ట్రంకు పెట్టెలు, చిన్ని పుస్తకాల సంచులు. షేక్‌పేటలో చెల్లెలి ఇంటికి. కిరాయి గది దొరికేదాకా అక్కడే.

తాళంచెవులు ఇవ్వడానికి వచ్చాడు. వాల్వులు ఏది ముందు తిప్పాలో, నల్లా నీళ్లొచ్చే రోజు సంపు మూత ఎంత తెరవాలో ఓపిగ్గా చెప్పాడు. ఒక్క మాట తప్పుగా అనలేదు. తిట్టి ఉంటే బతికిపోయేదాన్ని.

చిన్ని మాత్రం నా మొహం చూడలేదు.

మే 5, ఆదివారం

చర్చిలో ప్రభువు బల్ల, ఆ రొట్టె, ద్రాక్షరసం తీసుకోలేదు. గొంతు నొప్పి అని పాస్టరుగారితో చెప్పాను.

మే 7, మంగళవారం

సూర్యప్రకాశరావు ఫోన్ చేశాడు. నంబరు ఎలా దొరికిందో.

"జెరూష గారూ, మా బోరు చూసుకోవడానికి ఒక మనిషి కావాలి. రాములు వచ్చి అడిగాడు. పని తెలిసినవాడిలాగే ఉన్నాడు. అయితే మీ దగ్గర మోటారు కాల్చాడని మా వాళ్లు అంటున్నారు. మిమ్మల్ని అడగకుండా తీసుకోలేను. ఉన్నదున్నట్టు చెప్పండి, తీసుకోమంటారా?"

మా నీళ్లు తాగి, మా మనిషిని కూడా తీసుకుపోతారా అన్నాను. మీ కారు కడుక్కోవడానికి రాములు కావాల్సి వచ్చాడా అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఆయన వింటూ ఊరుకున్నాడు. చివరికి "అయితే వద్దంటారా అండీ" అన్నాడు.

వద్దు అంటే అయిపోయేది. అతను వేరే మనిషిని చూసుకునేవాడు.

"మోటారు కాల్చింది రాములు కాదు. ఆపుతానని అతను నాలుగుసార్లు వచ్చాడు. షూటింగు ఆగకూడదని నేనే ఆపనివ్వలేదు. పుస్తకంలో పేజీ కాల్చేసింది కూడా నేనే. మీ బోరుకీ మా బోరుకీ సంబంధం ఉందో లేదో నాకు తెలియదు. తెలియకుండానే సంతకాలు పెట్టించాను."

ఆయన, "ఇది కాగితం మీద రాసివ్వగలరా అమ్మా? మీ కంప్లైంటుకి నేను వేరే జవాబు వెతుక్కోనక్కర్లేదు. రాములు తప్పేం లేదని మా వాళ్లకి చూపించడానికీ ఉంటుంది. రేపు పదింటిలోగా అయితే మంచిది" అన్నాడు.

నన్ను ఏమైనా అని ఉంటే పోట్లాడేదాన్ని. ఏమీ అనలేదు. పోట్లాడటానికి ఎవరూ మిగల్లేదు నాకు.

మే 8

రాసిచ్చాను. తారీఖు, టైము, టేకులు, పేజీ, అన్నీ. కింద సంతకం. సూర్యప్రకాశరావు అక్కడే నిలబడి చదివి, మడిచి జేబులో పెట్టుకుని, రాముల్ని పిలిచి రేపట్నుంచి రమ్మన్నాడు. బోరు పక్కనే గది ఉంది, కిటికీ ఉంది. చిన్ని పరీక్షలు రాసుకోవచ్చు.

అయిపోయింది, గుండె మీద బరువు దిగింది అనుకుంటూ గేటు దాకా వచ్చాను. రాములు వెనకే వచ్చాడు. మొదటిసారి నా కళ్లలోకి చూసి మాట్లాడాడు.

"గీ మాట గాడ మీటింగుల చెప్తే అయిపోతుండె గదక్క."

"ఇప్పుడు చెప్పాను కదా రాములూ. పని దొరికింది కదా."

"గీ సారుకు చెప్పినవ్. గీ సారు నాకేమైతడు? ముప్పై ఏండ్లు నేను నీళ్లిడిసింది గా బండ మీదోళ్లకు. రోడ్డు మీద కనవడితే మొగం తిప్పుకుంటున్రు. తాగుబోతు బిడ్డ అని చిన్నిని అంటున్రు."

లోపలికి వెళ్లిపోయాడు.

కోపం వచ్చింది. చేసింది చాలదా వీడికి అనిపించింది. ఇంటికొచ్చేదాకా అదే అనుకున్నాను. మెట్లు ఎక్కుతుంటే ఆ కోపం ఎవరి మీదో తెలిసింది. ఇంటికి వచ్చి అదే కాగితం మళ్లీ రాశాను. మెర్లిన్ పక్కన కూర్చుని చూసింది. తన పేరు వచ్చినచోట ఆగాను. "రాయమ్మా" అంది. నవీన్ చూస్తే నీ పని పోతుందన్నాను. "పోతే పోనీ. రాయి" అంది.

మే 9, గురువారం

పొద్దున ఏడింటికి పంపు రూము గోడకి అతికించాను. నాలుగు మూలలా జిగురు పెట్టి గట్టిగా నొక్కాను, ఎవరూ పీకెయ్యకుండా. నేను కూడా.

ట్యాంకరు వచ్చింది. అందరూ డ్రమ్ముల దగ్గర మూగారు. గోడ వంక చూసినవాళ్లు ఒకరిద్దరే. కాగితం అంటే ట్యాంకరు టైములు అనుకున్నారు. అటు వెళ్లినవాళ్లు పక్కనుంచే వెళ్లిపోయారు. ఎవరూ చదవరు, ఇలాగే ఉండిపోతుంది, నేను అతికించానన్న తృప్తి నాకు మిగులుతుంది అనిపించింది. సిగ్గు లేకుండా హాయిగా కూడా అనిపించింది.

భూలక్ష్మి రెండు బిందెలతో మెట్లు దిగి వచ్చింది. ఏప్రిల్ పద్నాలుగు నుంచి నాతో మాట్లాడటం లేదు. కాగితం దగ్గర ఆగి, కళ్లు చిట్లించి చూసింది.

"ఏం రాసినవక్క? రేటు మళ్ల పెంచిన్రా? నాకు గింత చిన్న రాత కనవడది. చదువు జర."

నువ్వే ఎవరి చేతనైనా చదివించుకో అందామనుకున్నాను. నోటి చివరిదాకా వచ్చింది. ఆమె బిందెలు కింద పెట్టి నిలబడింది.

చదివాను. మొదటి రెండు వాక్యాలు నాకే వినపడలేదు. ఆమె "గట్టిగ" అంది. గట్టిగా చదివాను. మార్చి 28, పదకొండు టేకులు, నాలుగుసార్లు వచ్చిన రాములు, కాల్చిన పేజీ, మీటింగులో నేనన్న మాట, అనాల్సిన మాట. మెర్లిన్ పేరు. డ్రమ్ముల దగ్గర మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ట్యాంకరు డ్రైవరు కూడా పైపు మూసి ఇటు చూశాడు. చివర నా పేరు, సంతకం అని కూడా చదివాను.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరూ తిట్టలేదు కూడా. తిడతారని ఆగాను.

భూలక్ష్మి నా మొహంలోకి చూసింది. తర్వాత తల పైకెత్తి మెట్ల వైపు చూసింది. బిందెలు పట్టుకుని పై వరస వాళ్లు ఏడెనిమిది మంది దిగుతున్నారు.

"ఆగక్క, పోకు. మావోళ్లొస్తున్రు. మొదటికెల్లి చదువు" అంది.

వాళ్లు కిందికి వచ్చేదాకా నిలబడ్డాను. మొదటి నుంచి చదివాను.